సైన్స్ ఫిక్షన్ సీరియళ్లకు నా ర్యాంకులు, ల్యాంప్ రూమ్ లెక్కన

జమ్మికుంట తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు సంగతులు. సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో ఏది ముందు, ఏది తర్వాత అని వరుస చెప్పమన్నావు. అందరూ గొప్పదంటున్నారని 'ది ఎక్స్‌పాన్స్' రెండు ఎపిసోడ్లు చూశానని, ఎవరు ఎవరో అర్థం కాక వదిలేశానని రాశావు. బీఎస్సీలో ఫిజిక్స్ చదువుతున్నవాడివి కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున పాత 'స్టార్ ట్రెక్' వచ్చిన రోజుల నుంచి ఈ సీరియళ్లు చూస్తున్నాను. నలభై ఏళ్లలో చాలా చూశాను, కొన్నిటిని మూడు నాలుగు సార్లు చూశాను.

ర్యాంకుల కంటే ముందు నా కొలత ఏంటో చెప్పాలి. అది తెలియకపోతే వరుస చూసి నువ్వు తికమక పడతావు.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగేవాడు. బాయి దగ్గర ల్యాంప్ రూమ్ ఉంటుంది. షిఫ్టుకు వెళ్లే ప్రతి మనిషికీ నంబరు వేసిన క్యాప్ ల్యాంప్ ఇస్తారు. పైకి వచ్చాక దాన్ని మళ్లీ చార్జింగ్ ర్యాక్‌లో అదే నంబరు దగ్గర పెట్టాలి. షిఫ్టు అయిపోయాక ఏదైనా నంబరు ఖాళీగా ఉందంటే, ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని. చిన్నప్పుడు ఒక రాత్రి నాన్న రావడం ఆలస్యమైతే అమ్మ నన్ను తీసుకుని అక్కడికి పోయింది. లోపలి ఆయన ఏమీ మాట్లాడకుండా ర్యాక్ వైపు వేలు చూపించాడు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడి వైపు మేమిద్దరం ఎంతసేపు చూశామో నాకు తెలియదు. గంటన్నర తర్వాత నాన్న మామూలుగానే నడుచుకుంటూ వచ్చాడు, కింద పని ఆగి లేటయిందంతే. కానీ ఆ ఖాళీ గడి నాతోనే ఉండిపోయింది.

ఏ సైన్స్ ఫిక్షన్ సీరియల్ చూసినా నేను వెతికేది ఆ గడినే. కొత్త యంత్రం వచ్చింది, కొత్త గ్రహం దొరికింది, కాలంలో వెనక్కి పోయారు, సరే. దాని బరువు ఎవరి మీద పడింది? ఆ ఓడలో గాలి ఎవరు శుభ్రం చేస్తున్నారు, నీళ్లు ఎంత మిగిలాయి, తిరిగి రానివాళ్ల లెక్క ఎవరు రాస్తున్నారు? ఇవి చూపించే సీరియల్ నాకు పైన ఉంటుంది. ఇవి మర్చిపోయి లేజర్లు మాత్రమే చూపిస్తే, గ్రాఫిక్స్ ఎంత బాగున్నా కిందికి జారుతుంది.

ఈ కొలతతో మొదటి స్థానం నువ్వు వదిలేసిన 'ది ఎక్స్‌పాన్స్'కే. 2015 నుంచి 2022 దాకా ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు వచ్చాయి. మూడు సీజన్ల తర్వాత 2018లో మొదటి చానెల్ ఆపేస్తే, అభిమానులు పెద్ద ఉద్యమమే చేశారు. విమానం అద్దెకు తీసుకుని బ్యానర్ కట్టి ఎగరేశారు. చివరికి అమెజాన్ దాన్ని తీసుకుంది.

కథ రెండు మూడు వందల ఏళ్ల తర్వాతిది. భూమి ఒక పక్క, అంగారకుడు ఒక పక్క. మధ్యలో నలిగేది గ్రహశకలాల పట్టీలో పుట్టి పెరిగినవాళ్లు, బెల్టర్లు. ఖనిజం తవ్వేది, మంచు మోసుకొచ్చేది వాళ్లే. తాగే నీళ్లకు, పీల్చే గాలికి ఇంకొకరి దయ మీద ఆధారపడేదీ వాళ్లే. తక్కువ గురుత్వాకర్షణలో పెరగడం వల్ల వాళ్ల ఎముకలు బలహీనం. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక బెల్టర్‌ను భూమి మీదకు తెచ్చి కొక్కేలకు వేలాడదీసి విచారణ చేస్తారు. అతన్ని కొట్టాల్సిన అవసరమే లేదు, భూమి బరువే అతన్ని హింసిస్తుంది. క్లాసులో జీ విలువ 9.8 అని బోర్డు మీద రాసేటప్పుడు నాకు ఇప్పటికీ ఆ సీన్ గుర్తొస్తుంది.

అదే ఎపిసోడ్‌లో ఇంకో సీన్ ఉంది, బహుశా నువ్వు గమనించి ఉండవు. మిల్లర్ అనే పోలీసాయన ఆ పట్టీలోనే ఉన్న సీరీస్ స్టేషన్‌లో ఒకడి దగ్గర లంచం తీసుకుంటాడు. వాడు చేసే తప్పు చూడటానికి చిన్నదే, గాలి ఫిల్టర్లు సరిగ్గా మార్చడు. ఆ పేటలో పిల్లలు దగ్గుతుంటారు. తర్వాత మిల్లర్ మనసు ఒప్పుకోక వెనక్కి వెళ్లి, వాడిని ఎయిర్‌లాక్‌లో, అంటే బయటి శూన్యంలోకి పోయే దారిలోని మూసిన గదిలో పెట్టి గాలి తీసేస్తూ ఫిల్టర్లు మారుస్తానని ఒప్పిస్తాడు. అంతరిక్షంలో రాక్షసులు, గ్రహాంతర వాసులు రాకముందే సీరియల్ మనకు ఫిల్టర్ చూపించింది. బాయిలో పని మొదలుపెట్టే ముందు మైనింగ్ సర్దార్ సేఫ్టీ ల్యాంప్ పట్టుకుని, మంట చుట్టూ నీలం రంగు కనిపిస్తుందా అని గ్యాస్ చూసేవాడని నాన్న చెప్పేవాడు. ఆ మనిషి పని సరిగ్గా చేస్తేనే మిగతావాళ్లు ఇంటికి వస్తారు. 'ఎక్స్‌పాన్స్' రాసినవాళ్లకు ఈ సంగతి ఎముకల్లో తెలుసు.

ఫిజిక్స్ సంగతికి వస్తే, ఇందులో ఒక్కటే పెద్ద కల్పన, ఎప్స్టీన్ డ్రైవ్ అనే ఇంజిను. చాలా కొద్ది ఇంధనంతో రోజుల తరబడి తోస్తూనే ఉంటుంది. నువ్వే లెక్క వేసి చూడు: 1 జీ త్వరణంతో ఒక్క రోజంతా పోతే వేగం సెకనుకు దాదాపు 847 కిలోమీటర్లు అవుతుంది. అంత ఇంధనం ఈ రోజు మన దగ్గర ఏ రాకెట్‌లోనూ పట్టదు. ఆ ఒక్క అబద్ధాన్ని ఒప్పుకుంటే మిగతాది చాలావరకు పద్ధతిగా నడుస్తుంది. ఇంజిను తోస్తున్నంతసేపు నేల మీద నిలబడగలరు, ఆపగానే తేలిపోతారు. సగం దారిలో ఓడను వెనక్కి తిప్పి, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ పోతారు. భూమి నుంచి మాట పంపితే కాంతి వేగంతోనే పోతుంది, జవాబు కోసం ఆగాలి. సీరియల్ నడిపించిన నరేన్ శంకర్‌కు కోర్నెల్ విశ్వవిద్యాలయం నుంచి అప్లైడ్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ఉంది. తొంభైల్లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'కు సైన్స్ సలహాదారుగా పనిచేసింది కూడా ఆయనే.

బెల్టర్లు మాట్లాడుతూ చేతులు ఎక్కువగా ఆడిస్తారు, చూశావా? స్పేస్ సూట్ వేసుకుంటే ముఖం కనిపించదు, అందుకని తరాలుగా చేతులతో సైగలు అలవాటయ్యాయి. వాళ్ల యాసను నిక్ ఫార్మర్ అనే భాషావేత్త కూర్చాడు. మన యాసను సినిమాల్లో చాలా కాలం రౌడీలకో, నవ్వించే పాత్రలకో పెట్టారు. ఇక్కడ కార్మికుల యాసకు దొరికిన గౌరవం చూసి నాకు కడుపు నిండింది.

రెండో స్థానం 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా'. 1978లో వచ్చిన పాతది కాదు, 2003లో మినీ సిరీస్‌గా మొదలై 2009 దాకా నడిచిన కొత్తది. మనుషులు తయారుచేసిన యంత్రాలు తిరగబడి పన్నెండు గ్రహాలను నాశనం చేస్తాయి. దాదాపు 50 వేల మంది కొన్ని ఓడల్లో పారిపోతారు. గెలాక్టికా అనే పాత యుద్ధ నౌక బతికి బయటపడటానికి కారణం, దాని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నెట్‌వర్క్ కాకపోవడమే. కొత్త ఓడలన్నిటినీ శత్రువు లోపలినుంచే ఆపేస్తాడు.

మినీ సిరీస్ తర్వాత మొదటి ఎపిసోడ్ పేరు '33'. ప్రతి 33 నిమిషాలకు శత్రువు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ అన్ని ఓడలూ ఇంకో చోటికి దూకాలి. ఐదు రోజులకు పైగా ఎవరికీ నిద్ర లేదు. కళ్లు ఎర్రబడి, గడ్డాలు పెరిగి, గడియారం చూస్తూ బతుకుతుంటారు. విద్యాశాఖ మంత్రిగా ఉండి, పైవాళ్లంతా చనిపోవడంతో అధ్యక్షురాలైన లారా రోస్లిన్ దగ్గర ఒక తెల్ల బోర్డు ఉంటుంది. దాని మీద ఒకే ఒక అంకె, బతికున్న మనుషుల సంఖ్య. దూకిన ప్రతిసారీ ఆ అంకె తగ్గుతుంది. చివర్లో ఒక ఓడలో బిడ్డ పుట్టిందని కబురు వస్తుంది. ఆమె లేచి వెళ్లి అంకె తుడిచి, ఒకటి పెంచి రాస్తుంది.

ఆ సీన్ చూసిన రోజు నేను టీవీ ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. ల్యాంప్ రూమ్ ర్యాక్ నాకు అమెరికా సీరియల్‌లో కనిపిస్తుందని అనుకోలేదు. ఆ ఎపిసోడ్‌కు 2005లో, సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

తర్వాతి ఎపిసోడ్ పేరే 'వాటర్'. ట్యాంకులు పేలి నీళ్లు పోతే ఏం చేయాలన్నదే కథ. మూడో సీజన్‌లో 'డర్టీ హ్యాండ్స్' అని ఇంకొకటి ఉంది. ఓడలకు ఇంధనం శుద్ధి చేసే కార్మికులు సమ్మెకు దిగుతారు. వాళ్ల బాధ ఏంటంటే, తండ్రి చేసే పనే కొడుకు చేయాల్సి వస్తోంది, రిఫైనరీలో పుట్టినవాడు రిఫైనరీలోనే పోవాలి. మన బొగ్గు కాలనీల్లో వారసత్వ ఉద్యోగం కోసం ధర్నాలు చూసిన కళ్లతో నేను దాన్ని చూశాను. అక్కడ అదే వద్దని కొట్లాట. మా నాన్న మాత్రం నన్ను బాయికి పంపకూడదని గట్టిగా అనుకున్నాడు. ఆ ఎపిసోడ్ నాకు ఆయన మనసును అర్థం చేయించింది. గెలాక్టికా చివరి ఎపిసోడ్ నాకు నచ్చలేదు. అప్పటిదాకా మనుషులే మోసిన భారాన్ని చివర్లో దేవుడి మీద పెట్టేశారు. రెండో స్థానంలో ఆగిపోయింది అందుకే.

మూడోది 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్', 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు. అన్నీ చూడక్కర్లేదు. మొదటి సీజన్ బలహీనం, తప్పకుండా వదిలేయొచ్చు. రెండు ఎపిసోడ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చూడాలి.

ఒకటి 1989లో వచ్చిన 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'. డేటా అనే మరమనిషి ఓడలో ఆఫీసరు. అతన్ని విప్పి పరీక్షించాలని ఒక శాస్త్రవేత్త వస్తాడు. అతను మనిషా, ప్రభుత్వ ఆస్తా అని కోర్టులో వాదన. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ స్వయంగా లాయరు. ఈ రోజు ఏఐ గురించి టీవీల్లో జరిగే చర్చల్లో చాలావాటి కంటే ఆ ముప్పావు గంట బరువైనది.

రెండోది 1992 నాటి 'ది ఇన్నర్ లైట్'. కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి, ఎక్కడో ఒక పల్లెలో ఇనుము పనిచేసే కామిన్‌గా కళ్లు తెరుస్తాడు. తన ఓడ, తన పేరు అన్నీ కలేనేమో అనుకునేంతగా ఆ బతుకులో కలిసిపోతాడు. భార్య, పిల్లలు, మనవడు. పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు. ఆ ఊరికి ఏటికేడు కరువు పెరుగుతుంటుంది. ఊరి మధ్యలో ఒక చిన్న చెట్టు ఉంటుంది. తమకు వచ్చే కొలత నీళ్లలోంచి ఊరివాళ్లంతా తలా కొంచెం ఆ చెట్టుకు పోస్తుంటారు, అది బతకాలని. చివరికి తెలిసేది ఏంటంటే, ఆ గ్రహం ఎప్పుడో వెయ్యేళ్ల కింద నశించిపోయింది. తమను ఎవరైనా గుర్తుంచుకోవాలని వాళ్లు పంపిన చిన్న పరికరం ఆ జీవితాన్ని అతని మెదడులోకి పంపింది. ఓడలో గడిచింది 25 నిమిషాలే. మెలకువ వచ్చాక పెట్టెలో ఆ పిల్లనగ్రోవి దొరుకుతుంది. అతను దాన్ని గుండెకు హత్తుకుని, తర్వాత కిటికీ దగ్గర నిలబడి వాయిస్తాడు. సైన్స్ ఫిక్షన్‌ను అసలు ఇష్టపడని మా ఇంటావిడ ఏడ్చిన ఎపిసోడ్ అది ఒక్కటే.

చెట్టుకు నీళ్లు పోసే సీన్ చూసినప్పుడల్లా నాకు ఒక కోరిక పుడుతుంది, ఇక్కడ చెప్పేస్తాను. కాకతీయులు కట్టించిన గొలుసుకట్టు చెరువులు మనవి. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోతుంది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూసుకునే నీరటి ప్రతి ఊళ్లో ఉండేవాడు. తరాల తరబడి ప్రయాణించే ఒక అంతరిక్ష ఓడలో ఆ నీరటిని పెట్టి తెలుగులో ఎవరైనా సీరియల్ తీస్తే, ప్రపంచంలో ఇంకెవరూ తీయలేని కథ అవుతుంది. ఎండాకాలం పాకాల చెరువు కట్ట మీద నిలబడినప్పుడు నాకు ఇదే తోస్తుంది.

మన దేశంలో ప్రయత్నాలు జరగలేదని కాదు. దూరదర్శన్‌లో 'స్పేస్ సిటీ సిగ్మా' వచ్చేది, మా వయసు వాళ్లకు గుర్తుంటుంది. 1998లో మిలింద్ సోమన్‌తో 'కెప్టెన్ వ్యోమ్' వచ్చింది. సెట్లు అట్టముక్కలతో చేసినట్టే ఉండేవి, అయినా మన పేర్లున్న మనుషులు అంతరిక్షంలో తిరగడమే ఆ రోజుల్లో గొప్ప సంగతి. ఈ మధ్య వచ్చినవాటిలో 2019 నాటి 'లైలా' చూడదగింది. నీళ్ల కొరత, గోడలు కట్టుకుని విడిపోయిన నగరం, కూతురి కోసం వెతికే తల్లి. కథ మధ్యలో చప్పబడుతుంది కానీ, నీళ్లు ఎవరికి దొరుకుతాయన్న ప్రశ్న సూటిగా వేసింది.

నాలుగో స్థానం జర్మన్ సీరియల్ 'డార్క్'. 2017 నుంచి 2020 వరకు మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లే. అణు విద్యుత్ కేంద్రం పక్కన విండెన్ అనే చిన్న ఊరు, ఒక గుహ, తప్పిపోయిన పిల్లలు, 33 ఏళ్లకు ఒకసారి తిరిగొచ్చే కాలచక్రం. కాల ప్రయాణాన్ని ఇంత నిజాయితీగా లెక్క కట్టినది ఇంకొకటి లేదు. వెనక్కి పోయి తప్పు సరిదిద్దాలనుకున్న ప్రతివాడూ ఆ తప్పుకు తనే కారణం అవుతాడు. దీనికి నోట్‌బుక్ కావాలి. నాలుగు కుటుంబాలకు నాలుగు పేజీలు పెట్టుకుని, ఏ సంవత్సరంలో ఎవరు ఎవరో రాసుకుంటూ చూడు. డబ్బింగ్ వద్దు, జర్మన్‌లోనే సబ్‌టైటిల్స్‌తో చూడు. ఆ గొంతుల్లో ఉన్న బరువు డబ్బింగ్‌లో పోతుంది.

ఐదు 'ది ట్విలైట్ జోన్', 1959 నుంచి 1964 దాకా. నలుపు తెలుపు. చాలా ఎపిసోడ్లు అరగంట లోపే అయిపోతాయి, ఏదైనా విడిగా చూడొచ్చు. ఆరు 'బ్యాబిలన్ 5'. దీని గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే పాత వీడియో గేమ్‌లా ఉంటాయి, కానీ ఐదేళ్ల కథను ముందే ఆలోచించుకుని టీవీలో చెప్పిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి నాకో కారణం ఉంది. ట్విలైట్ జోన్ 156 ఎపిసోడ్లలో 92 రాసింది రాడ్ సెర్లింగ్. బ్యాబిలన్ 5 మొత్తం 110 ఎపిసోడ్లలో 92 రాసింది జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. ఒక మనిషి కూర్చుని అంత రాయడం వెనక ఎన్ని రాత్రుల నిద్ర పోయి ఉంటుందో ఆలోచించు.

తర్వాత 'సెవరెన్స్'. ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు గుర్తుండదు, ఇంటికొచ్చాక ఆఫీసు గుర్తుండదు, మెదడులో అలాంటి చిప్ పెట్టించుకున్న ఉద్యోగుల కథ. పని చేసే సగానికి సెలవంటూ ఉండదు. లిఫ్ట్ తలుపు మూసుకుంటుంది, తెరుచుకునేసరికి మళ్లీ డ్యూటీ. ఇంకా నడుస్తున్న సీరియల్ కాబట్టి ఏడుకు పెట్టాను, ముగింపు బాగుంటే పైకి తెస్తాను. ఎనిమిది 'ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్', చంద్రుడి మీద మొదట కాలు పెట్టింది సోవియట్ వాళ్లయితే ఏమయ్యేదన్న ఊహ. మొదటి రెండు సీజన్లు బంగారం. తొమ్మిది 'బ్లాక్ మిర్రర్', అందులో 'నోజ్‌డైవ్' ఒక్కటి చూసినా చాలు. మనుషులు ఒకరికొకరు స్టార్ రేటింగ్ ఇచ్చుకునే లోకం. ఇంటికి పార్శిల్ తెచ్చే పిల్లవాడు ఐదు స్టార్లు ఇవ్వండి సార్ అని అడిగినప్పుడు అతని ముఖంలో టెన్షన్ చూశాక, అది భవిష్యత్తు కథ అని నాకు అనిపించడం లేదు.

'డాక్టర్ హూ' ఎక్కడ అని చాలామంది అడుగుతారు. 1963 నవంబరు 23న మొదలై, మధ్యలో ఆగి, 2005లో మళ్లీ లేచిన సీరియల్ అది. దాని మీద నాకు ప్రేమ ఉంది, 2007 నాటి 'బ్లింక్' భయంతో వణికించింది. అయినా పదో స్థానమే. అక్కడ ఆపద దాటడానికి నియమాలు వారానికోలా మారిపోతాయి. నియమం మారితే లెక్క తప్పుతుంది, నా కొలతకు అది ఆనదు.

పాత 'స్టార్ ట్రెక్'ను ర్యాంకుల్లో పెట్టలేదు, అది నాకు అక్షరాభ్యాసం లాంటిది. 1966లో మొదలైన ఆ సీరియల్‌లో ఉహూరా పాత్రలో నిషెల్ నికోల్స్‌ను చూసి స్ఫూర్తి పొందిన మే జెమిసన్, 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ అయింది. తర్వాతి ఏడాది 'నెక్స్ట్ జనరేషన్'లో ఒక చిన్న పాత్ర కూడా వేసింది.

ఇక నీ రెండో సంగతి. 'ఎక్స్‌పాన్స్' నీకు అర్థం కాకపోవడానికి కారణం, అది మూడు చోట్ల మూడు కథలు ఒకేసారి మొదలుపెట్టడం. సీరీస్‌లో మిల్లర్, కాంటర్‌బరీ అనే మంచు మోసే ఓడలో హోల్డెన్, భూమి మీద చీరకట్టులో కనిపించే అవసరాల అనే పెద్దావిడ. ఈ మూడు పేర్లు కాగితం మీద రాసుకుని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఓడలో మంచు ముక్క తగిలి ఒక కార్మికుడి చెయ్యి పోయినప్పుడు మిగతావాళ్లు ఏం మాట్లాడుకుంటారో విను. ఫిల్టర్ సీన్ దగ్గర ఒకసారి వెనక్కి తిప్పి చూడు. నాలుగో ఎపిసోడ్ పేరు 'సీక్యూబీ', అది పూర్తయ్యేదాకా మాత్రం వదలకు. పరీక్షలు దగ్గరుంటే సెలవుల్లోనే మొదలుపెట్టు, ఎందుకంటే ఆ నాలుగోది అయ్యాక ఐదోది ఆ రాత్రే చూస్తావు.